WWE రెజ్లర్ అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్ పట్టులో ఎదుటివాడి మెడ ఎలా కాపాడతారు?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా అపార్ట్‌మెంట్ పిల్లలు టెర్రస్ మీద పరుపులేసుకుని టూంబ్‌స్టోన్ (ఎదుటివాణ్ని తలకిందులుగా పట్టుకుని మోకాళ్ల మీద పడే రెజ్లింగ్ పట్టు) ప్రయత్నిస్తున్నారు. వద్దంటే "అదంతా ఉత్తుత్తిదే కదా అంకుల్" అంటున్నారు. రింగులో అసలేం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
దెబ్బ ఉత్తుత్తిదే, బరువు మాత్రం నిజం. ఎదుటివాణ్ని తలకిందులుగా ఎత్తి నడుము చుట్టూ రెండు చేతులూ బిగిస్తారు. వాడి తల తొడల మధ్య, మోకాళ్లకంటే పైన ఉండాలి. అప్పుడు మోకాళ్ల మీద పడితే నేలను తాకేవి మోకాళ్లే. వేలాడేవాడు కూడా గట్టిగా పట్టుకోవాలి. పట్టు కాస్త జారిందా, ఇద్దరి బరువూ ఆ మెడ మీదే. పైగా రింగు చెక్కలు కొంచెం వంగుతాయి, టెర్రస్ కాంక్రీటు వంగదు.

జవాబు 2:
1997 సమ్మర్‌స్లామ్ (WWE పెద్ద షో) చూపించండి. రెజ్లర్ ఓవెన్ హార్ట్ ఎదుటి రెజ్లర్ స్టీవ్ ఆస్టిన్‌ని ఇలాగే తలకిందులుగా ఎత్తి, మోకాళ్ల మీద కాకుండా కూర్చుంటూ పడ్డాడు. ఆస్టిన్ తల నేలకి కొట్టుకుని మెడ దెబ్బతింది, కాసేపు ఒళ్లు కదల్లేదు. ఇద్దరూ ఆరితేరినవాళ్లే!

జవాబు 3:
అండర్‌టేకర్‌ది 1990 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ల ప్రయాణం. WWE ఏటా జరిపే పెద్ద షో రెసిల్‌మేనియాలో వరసగా 21 గెలుపులని అందరూ చెప్పుకుంటారు గానీ, నా దృష్టిలో ఆ బిగువు పట్టే అసలు గొప్ప. పిల్లలకి ముందు కోచ్ దగ్గర వెల్లకిలా పడటం నేర్పించండి: గడ్డం ఛాతీకి ఆనాలి, అరచేతులు చాపను చరచాలి.