షాఫ్ట్ గొట్టం నుంచి పడవలోకి నీరు

ప్రశ్న: బాల్సా చెక్కతో నేను కట్టిన రెండడుగుల రిమోట్ పడవను చెరువులో పావుగంట నడిపేసరికి లోపల అరగ్లాసు నీరు చేరుతోంది. ఎపాక్సీ రెండు పూతలు వేశాను, అతుకులన్నీ పొడిగానే ఉన్నాయి. కారణం ఏమై ఉంటుందో చెప్పగలరా?

జవాబు: అతుకులు పొడిగా ఉన్నాయంటే ప్రొపెల్లర్‌ను మోటారుతో కలిపే కడ్డీ, అంటే షాఫ్ట్, తిరిగే గొట్టాన్నే అనుమానించాలి. దాని లోపలి కొస నీటిమట్టానికి పైన ఉండేలా అమర్చి, షాఫ్ట్‌ను బయటికి లాగి, గొట్టం నిండా నీటికి కరగని గ్రీజు కూరి, మళ్లీ మెల్లగా తిప్పుతూ దూర్చండి. కొసన గ్రీజు వలయంలా పొంగితే నిండినట్టే.

మరో జవాబు: రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌ను కూడా పడవ అడుగున ఉంచకండి. రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది కనుక, యాంటెన్నా నీటిమట్టానికి పైన లేకపోతే పడవ దూరం వెళ్లాక మాట వినదు.

ప్రశ్న అడిగినవారు: గొట్టం విప్పి చూశాను, చుక్క గ్రీజు లేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు.