బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది, సిస్టమ్ ఆన్ కావడం లేదు

పటమటలంక
అందరికీ నమస్కారం. మాది అసెంబుల్డ్ సిస్టమ్. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్. నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత బటన్ నొక్కితే సీపీయూ ఫ్యాన్ ఒక్క విసురు కదిలి ఆగిపోతోంది. బీప్ లేదు, డిస్‌ప్లే లేదు. బోర్డు మీద చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. కేబినెట్ ముట్టుకుంటే కాస్త జివ్వుమంటుంది కానీ అది కొన్నప్పటి నుంచీ ఉన్నదే. పోయింది కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్సా, బోర్డా? హార్డ్ డిస్క్‌లో పిల్లల ఫొటోలున్నాయి, అవి భద్రమేనా? బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

బ్రాడీపేట_బుల్లోడు
ర్యామ్ తీయండి. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఆ బంగారు రంగు పిన్నులు మెల్లగా రుద్దండి. పొడి దులిపి, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కండి. మా ఇంట్లో ఏటా వానాకాలం రాగానే ఇదే తంతు. రూపాయి ఖర్చు లేదు.

కృష్ణలంక_కరకట్ట
బుల్లోడు గారూ, ప్రశ్న చదివారా అసలు? ఫ్యాన్ తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే ర్యామ్ అనుకోవచ్చు. ఇక్కడ ఫ్యానే ఆగిపోతోంది. అంటే ఎక్కడో షార్ట్ ఉండి ఎస్ఎంపీఎస్ తనంతట తాను ఆపేసుకుంటోంది, లేదా ఎస్ఎంపీఎస్సే పోయింది.
పటమట గారూ, ప్లగ్ పీకేసి, బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ ఊడదీయండి. అందులో పచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్నీ పక్కనున్న ఏదో ఒక నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు స్విచ్ వేయండి. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరగకపోతే దాని కథ అయిపోయినట్టే. తిరిగితే మల్టీమీటర్‌తో పసుపు వైరు చూడండి, 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి.
షాపుకి మాత్రం ఒంటరిగా వదిలిపెట్టి రాకండి. నేను ఒకచోట వదిలి వస్తే 8 జీబీ ర్యామ్ తీసేసి 4 జీబీ పెట్టి ఇచ్చాడు. పైగా సర్వీసు చార్జీ! అడిగితే "మీరు ఇచ్చిందే ఇంత సార్" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విండోస్_విరాగి
నాలుగో తరం మీద ఇంత శ్రమ ఎందుకండీ? విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. పాత ఇనుము వాడికి వేసేసి ల్యాప్‌టాప్ కొనుక్కోండి.

కృష్ణలంక_కరకట్ట
లినక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు పనిచేస్తుంది. మీ డబ్బులైతే మీరు కొనుక్కోండి.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
అందరూ ఒక్క నిమిషం ఆగండి. "జివ్వుమంటుంది, అది ఎప్పటి నుంచో ఉన్నదే" అని ఆయన రాస్తే ఒక్కరూ పట్టించుకోలేదే! బాబూ, మీ ఇంట్లో ఆ సాకెట్‌కి ఎర్త్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు చాలా కొద్దిగానే ఉంటుంది కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. ఏదో ఒక రోజు లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకోండి, అప్పుడు ఊరుకోదు. చెప్పులు లేకుండా ఆ కేబినెట్ ముట్టుకోకండి. ముందు ఎర్తింగ్ చూపించుకోండి, తర్వాత కంప్యూటర్.

గుంటూరు_ఘాటు
పెద్దాయనా, దీనికంత రాద్ధాంతం ఎందుకు? మా ఇంట్లోనూ ఇదే గొడవ ఉండేది. సాకెట్ విప్పి న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరుతో లూప్ కొట్టాను. ఐదు నిమిషాల పని. ఆ రోజు నుంచి షాక్ అన్నమాటే లేదు. టెస్టర్ పెట్టినా వెలగడం లేదు. సిస్టమ్ బ్రహ్మాండంగా నడుస్తోంది.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
అయ్యా, ఆ వైరు ఇప్పుడే, ఈ క్షణమే పీకేయండి. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మీ లూప్ వైరు మీదుగా కేబినెట్ మొత్తం 230 వోల్టులు అవుతుంది. లైన్ రిపేరు చేసినవాళ్లు ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసినా అంతే. టెస్టర్ వెలగడం లేదని మురిసిపోతున్నారు, న్యూట్రల్ బాగున్నంతసేపే అది!

గుంటూరు_ఘాటు
మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది సార్. 30 మిల్లీ ఆంప్స్ లీకైతే ట్రిప్ అవుతుంది. మాకూ కొంచెం తెలుసు.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజ్‌లో వెళ్లినంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని. మీరు ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కే కట్టేశారు. బాడీకి ఫేజ్ తగిలినా ఆ కరెంటు మీ లూప్ గుండా న్యూట్రల్‌లోనే తిరిగొస్తుంది. లెక్క సరిపోయిందని అది చల్లగా కూర్చుంటుంది. కాపలా కుక్కకి మీరే మత్తుమందు పెట్టారు.

గుంటూరు_ఘాటు
విజయవాడ వాళ్లకి ప్రతిదానికీ క్లాసు పీకడం అలవాటే.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
మాది తెనాలి.

సింగ్‌నగర్_వరద
మీ గొడవ మధ్యలో నా అనుభవం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మా మీద పడ్డప్పుడు కేబినెట్ నిలువునా మునిగింది. స్లాట్ల నిండా ఒండ్రు. హార్డ్ డిస్క్, బోర్డు మీది బిళ్ల లాంటి సీఎంఓఎస్ బ్యాటరీ, ప్రాసెసర్ తీసేసి బోర్డుని మంచినీళ్లతో కడిగాను. మెత్తటి పళ్ల బ్రష్‌తో స్లాట్లలో బురద లాగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, రోజుల తరబడి ఫ్యాన్ కింద ఆరబెట్టాను. లేచింది! ఎస్ఎంపీఎస్ మాత్రం పారేశాను, దానితో ఆటలొద్దు.

సర్వర్_రూమ్
నీళ్లతో కడిగారా? నేను డేటా సెంటర్‌లో పనిచేస్తాను. వందల సర్వర్లు చూసుకుంటాను. బోర్డుని నీళ్లతో కడగమనే సలహా ఇలా బహిరంగంగా ఇవ్వకండి. పేపర్ క్లిప్ పరీక్ష కూడా అరకొరదే. లోడ్ లేనప్పుడు 12 వోల్టులు చూపించి, లోడ్ పడగానే కూలబడే ఎస్ఎంపీఎస్‌లు బోలెడు. పద్ధతి ఒక్కటే. బోర్డు, ప్రాసెసర్, ఒక ర్యామ్ స్టిక్, ఎస్ఎంపీఎస్ తప్ప మిగతా కనెక్టర్లన్నీ పీకేయాలి. ఆన్ అయితే ఒక్కొక్కటే తగిలిస్తూ రావాలి. బోర్డు మీద సీపీయూ పక్కన కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా చూడండి. చదునుగా ఉండాలి.

సింగ్‌నగర్_వరద
డేటా సెంటర్‌లోకి బుడమేరు వచ్చినప్పుడు చెప్పండి సార్, మాట్లాడుకుందాం.

పటమటలంక
సర్వర్_రూమ్ గారు చెప్పినట్టు అన్నీ పీకాను. ఆన్ అయ్యింది! ఒక్కొక్కటే పెడుతూ వస్తే, ముందు ప్యానెల్ యూఎస్‌బీ వైరు బోర్డుకి తగిలించగానే మళ్లీ పాత కథ. టార్చి వేసి చూస్తే ఆ పోర్టు లోపల నల్ల నాలుక విరిగి పక్కకి ఒరిగింది, రెండు పిన్నులు వంగి ఇనుప తొడుగుకి ఆనుకున్నాయి. మావాడు పెన్ డ్రైవ్ తిరగేసి తోసి ఉంటాడు, అడిగితే నోరు విప్పడం లేదు. కరెంటు పోవడానికీ దీనికీ సంబంధమే లేదు. ఆ వైరు పక్కన పెట్టేశాను, వెనక పోర్టులు వాడుతున్నాను. ఫొటోలన్నీ ఉన్నాయి.

బ్రాడీపేట_బుల్లోడు
ర్యామ్ కూడా తీసి పెట్టి ఉంటారుగా? అదే.

కృష్ణలంక_కరకట్ట
నేను మొదటే చెప్పాను, షార్ట్ అని.

సర్వర్_రూమ్
ఫొటోలు ఉన్నాయని సంబరపడటం కాదు, ఈ రాత్రే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. ఇంకోసారి సిస్టమ్ లేవకపోయినా డిస్క్ తీసి సాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో చూడొచ్చు. డెస్క్‌టాప్ డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, కాబట్టి విడిగా పవర్ ఇచ్చే అడాప్టరే కొనాలి. ఉత్త కేబుల్‌తో తిరగదు.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
సంతోషం. మరి ఎర్తింగ్?

పటమటలంక
ఈ ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడండీ. టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు చిటపటమని నిప్పురవ్వ వచ్చేది, అదీ దీనివల్లేనా?

రిటైర్డ్_ఎలక్ట్రికల్
దానివల్లే. కేబుల్ టీవీ వైరు ద్వారా ఎర్త్ వెతుక్కుంటోంది. ఎర్తింగ్ అయ్యేదాకా రెండింటి ప్లగ్గులూ తీసి పెట్టాకే ఆ కేబుల్ ముట్టుకోండి, లేకపోతే పోర్టులు పోతాయి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టించి, ఆ రెండింటి మధ్యే 100 వాట్ల బల్బు కూడా వెలిగించి చూపించమనండి. లైన్‌లో ముందు ఆర్‌సీసీబీ ఉంటే అది ట్రిప్ అవుతుంది, అదీ మంచి గుర్తే. ఉత్త మీటర్ వోల్టేజీ చూసి మోసపోవద్దు, సన్నగా తుప్పుపట్టిన ఎర్త్ కూడా మీటర్‌కి బాగానే కనిపిస్తుంది. ఎర్త్ గొయ్యి పాతదైతే ఎండాకాలం నీళ్లు పోయించండి.

గుంటూరు_ఘాటు
లూప్ తీసేశాను. ఇప్పుడు మళ్లీ జివ్వుమంటోంది. మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. గొయ్యి బాల్కనీలో తవ్వమంటారా?

రిటైర్డ్_ఎలక్ట్రికల్
బాల్కనీలో అక్కర్లేదు. కింద మీటర్ల గదిలో ఎర్త్ పట్టీ ఉంటుంది. అక్కడి నుంచి మీ ఫ్లాట్ బోర్డుకి పచ్చ వైరు రావాలి. వచ్చిందో లేదో, మధ్యలో తెగిందో లేదో చూపించుకోండి. గది తాళం అసోసియేషన్ ప్రెసిడెంట్ దగ్గర ఉంటుంది, అడగండి.

గుంటూరు_ఘాటు
ఆయనకీ నాకూ మాటల్లేవు. పార్కింగ్ గొడవ.

బ్రాడీపేట_బుల్లోడు
వాచ్‌మన్ దగ్గర ఇంకో తాళం ఉంటుంది చూడండి.