బీఈడీ ఇంటర్న్‌షిప్‌లో పాడ్‌కాస్ట్ చేయించాలా, బ్లాగ్ పెట్టాలా? వైజాగ్ టీచర్లు కాస్త చెప్పండి

భీమిలి_ట్రైనీ

అందరికీ నమస్కారం. నేను వైజాగ్‌లో బీఈడీ రెండో సంవత్సరం, సోషల్ మెథడాలజీ. ఇంటర్న్‌షిప్‌కి భీమిలి వైపు ఒక హైస్కూల్ పడింది, ఎనిమిదో తరగతి ఇచ్చారు. ఐసీటీ (టెక్నాలజీతో బోధన) రికార్డు కోసం ఏదో ఒక టెక్నాలజీని క్లాసులో నిజంగా వాడి, ఏం జరిగిందో రాయమన్నారు మా మేడమ్. మా బ్యాచ్ అంతా పీపీటీల మీద పడ్డారు. నాకు మాత్రం పాడ్‌కాస్టో బ్లాగో చేయాలని ఉంది. మద్దిలపాలెంలో బస్సెక్కితే భీమిలి వచ్చేదాకా చెవిలో ఏదో ఒకటి మోగాల్సిందే నాకు. అలా విన్నవి గుర్తున్నంత బాగా చదివినవి గుర్తుండవు. పిల్లలకీ అంతేనేమో అనిపించింది.

అయితే డౌట్లు చాలా ఉన్నాయి. పాఠం నేనే చదివి రికార్డు చేసి వినిపిస్తే, ఎదురుగా నిలబడి చెప్పడం కంటే కొత్తగా ఒరిగేదేముంది? పోనీ పిల్లల చేతే చేయిద్దామంటే వాళ్ళ దగ్గర ఫోన్లుండవు. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే, అదీ నాన్న జేబులో. బ్లాగ్ అంటే తెలుగులో టైప్ చేయాలి. నోట్సు రాయడానికే బద్ధకించే పిల్లలు టైప్ ఎక్కడ చేస్తారు? పైగా మాకు తెలిసిన ఒక సీనియర్, "బ్లాగులు ఎవరు చదువుతున్నారే ఇప్పుడు, రీల్ చెయ్" అంది. రీల్ మాత్రం చేయను, అది ఖాయం.

రెండిట్లో ఏది పెట్టుకుంటే పిల్లలకి పనికొస్తుంది? చేసి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. థియరీ నా దగ్గర కావలసినంత ఉంది.

గాజువాక_సోషల్_మాస్టారు

అమ్మా, పాడ్‌కాస్టా బ్లాగా అన్నది తర్వాత. ముందు హెచ్ఎం గారిని కలవండి. 2023 ఆగస్టులో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం మన రాష్ట్రంలో పిల్లలు బడికి ఫోన్ తేకూడదు, టీచర్లు కూడా క్లాసులోకి పట్టుకెళ్ళకూడదు. ట్రైనీ వచ్చీ రాగానే ఫోన్‌తో వరండాలో తిరుగుతుంటే ఎవరూ ఊరుకోరు. ఏ పీరియడ్‌లో, ఏ గదిలో, ఎవరి ఫోన్‌తో రికార్డు చేస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. మీ ఐసీటీ రికార్డులో మొదటి పేజీ కూడా అదే అవుతుంది. వినిపించడానికైతే ఫోన్ అక్కర్లేదు. బడులు బాగుచేసిన నాడు-నేడు పథకంలో మీ స్కూల్‌కి ఐఎఫ్‌పీ, అంటే గోడకి పెట్టే పెద్ద టచ్‌స్క్రీన్, వచ్చి ఉంటే దానికి స్పీకర్లుంటాయి, పెన్‌డ్రైవ్ పెట్టి ప్లే చేయడమే.

పాఠం మీరే చదివి రికార్డు చేయాలన్న ఆలోచన మానుకోండి. మీ అనుమానం నిజమే, దానివల్ల ఏమీ ఒరగదు. మాట్లాడాల్సింది పిల్లలు. మీకు భీమిలి దొరకడం అదృష్టం. వేట నిషేధం తీసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజన్ బోట్లని ఆపేస్తారు, ఇంజన్ లేని తెప్పలకి ఆ నిషేధం లేదు. వేట లేనన్నాళ్ళు ఇల్లు ఎలా గడుస్తుంది, ప్రభుత్వం ఇచ్చే భృతి దేనికి సరిపోతుంది, చేప ధర ఎటు పోతుంది? భూగోళం, ఆర్థికం, పౌరశాస్త్రం మూడూ ఇందులోకే వచ్చేస్తాయి. మీ క్లాసులో ఎవరో ఒకరి తాత వేటకెళ్ళినవాడే అయ్యుంటాడు. ఆయన్ని బడికి పిలవండి.

అసలు కష్టమంతా ప్రశ్నల దగ్గరుంది. మా పిల్లలు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒకాయనతో మాట్లాడారు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి, అంటే ఇనుము తీసే పెద్ద కొలిములకి, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి, ఆయన గోదావరి దగ్గర పనిచేశారు. మొదటి కుర్రాడు "మీరు ప్లాంట్‌లో పనిచేశారా?" అన్నాడు. "చేశాను." "పని కష్టంగా ఉండేదా?" "ఉండేది." అక్కడితో సరి. వాడు నా మొహం చూస్తున్నాడు, ఆయన గోడ గడియారం చూస్తున్నారు. అప్పుడు వెనకాల కూర్చున్న ఒక పిల్ల, "మొదటి రోజు ఫర్నేస్ దగ్గర నిలబడితే ఏమనిపించింది తాతా?" అంది. ఆయన లేచి నిలబడి, ఆ సెగకి మొహం ఎలా తిప్పుకునేవారో చేసి చూపించారు. ఆ పిల్ల వెంటనే, "రికార్డింగ్‌లో అది కనపడదు కదా, మాటల్లో చెప్పండి" అంది! నేను నేర్పింది కాదది. చెవితో వినేవాళ్ళకి ఏది అందుతుందో దానికే తట్టింది. ఇక ఆయన ఆగలేదు, బెల్లు కొట్టాక కూడా.

అందుకని రికార్డింగ్‌కి ఒక్క పీరియడ్ ఇస్తే ప్రశ్నలకి రెండు పీరియడ్లు ఇవ్వండి. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలన్నీ పిల్లల చేతే కొట్టేయించండి.

ఎంవీపీ_ఆడియో

మాస్టారు చెప్పింది చదివాక నాకు మిగిలింది శబ్దం ఒక్కటే.

ఫోన్‌లో ఉన్న రికార్డర్ చాలు, మైక్ కొనొద్దు. ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, చెమటలు పడతాయి, తప్పదు. ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి పట్టుకోవాలి. సూటిగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి టప్ టప్‌మంటుంది. ఒడ్డున రికార్డు చేయాలనుకుంటే పొద్దున్నే చేయండి. ఎండెక్కే కొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, మధ్యాహ్నానికి మైక్‌లో ఆ హోరు తప్ప మాట వినపడదు. మైక్ మీద పల్చటి చేతిరుమాలు కప్పితే కొంత నయం.

మాటలు మొదలవకముందు ఓ పది సెకన్లు అందరూ నోరు మూసుకుని రికార్డు చేయండి. కంప్యూటర్లో ఆడియో దిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులో ఆ పది సెకన్లని నమూనాగా చూపిస్తే ఆ రొదని మిగతా ఫైల్లోంచి తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు బిందెలోంచి వచ్చినట్టు ఉంటుంది, జాగ్రత్త. చివర్లో మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3గా సేవ్ చేస్తే నిమిషానికి అర ఎంబీ కూడా అవ్వదు. ఐదు నిమిషాల ఎపిసోడ్ రెండున్నర ఎంబీ లోపే కాబట్టి ఏ అమ్మానాన్నల వాట్సాప్‌కైనా వెళ్ళిపోతుంది.

ఇంకో మాట. ఆర్ఎస్ఎస్ ఫీడ్ (ఎపిసోడ్ల జాబితాని యాప్‌లకి అందించే వెబ్ ఫైలు) ఉండి, కొత్త ఎపిసోడ్ దానంతటదే శ్రోత యాప్‌లోకి వచ్చి పడితేనే పాడ్‌కాస్ట్ అంటారు. ఫీడ్ లేకపోతే ఉత్త ఆడియో ఫైలే. మీ క్లాసుకి ఆ ఉత్త ఫైలే నయం, రికార్డులో మాత్రం ఈ తేడా రాయండి. వైవాలో అడుగుతారు.

సీతమ్మధార_నాన్న

నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తండ్రిని. మా పిల్ల గొంతు, పేరు, స్కూల్ పేరు కలిపి నన్నడక్కుండా నెట్‌లో పెడితే నేనైతే మర్నాడే స్కూల్‌కొస్తాను. 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూ పిల్లలే, వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. అడిగితే కాదనను. అడగండి అంతే.

పెందుర్తి_తెలుగు_టీచర్

పాడ్‌కాస్టా బ్లాగా అని తేల్చుకోవడం ఎందుకండీ? ఆ తాతగారి మాటల్ని మళ్ళీ వింటూ రాయిస్తే బ్లాగ్ పోస్ట్ దానంతటదే తయారవుతుంది. జట్టుకి ఒక్కో నిమిషం పంచండి. ఒక నిమిషం మాట కాగితం మీదికి రావాలంటే ఎన్నిసార్లు వెనక్కి తిప్పాలో చూద్దురుగాని. డిక్టేషన్ అంటే పారిపోయే పిల్లలు దీనికి కొట్టుకుంటారు, "కాదు, ఆయన అలా అనలేదు" అని.

ఇక్కడే ఒక చిక్కొస్తుంది. తాత మన ఉత్తరాంధ్ర మాటే మాట్లాడతారు, పిల్లలు దాన్ని పుస్తకంలో తెలుగులోకి దిద్దేస్తారు. దిద్దనివ్వకండి. ఆయన మాట కోట్స్‌లో ఉన్నదున్నట్టు, పిల్లల పరిచయ వాక్యాలు పాఠ్యపుస్తకం తెలుగులో. నా లెక్కలో మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. ఇంట్లో మాట్లాడే మాట కూడా రాతకెక్కుతుందని వాళ్ళు చూస్తారు. వినికిడి సమస్య ఉన్న పిల్లలుంటే వాళ్ళకి ఆడియో బదులు ఈ రాతే ఆధారం.

టైపింగ్‌కి భయపడకండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు పెట్టి, మైక్ నొక్కి చదివితే అదే రాస్తుంది. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పుతుంది. ఆ తప్పులు పట్టుకోవడం పిల్లలకి మహా సరదా. గూగుల్ వాళ్ళ బ్లాగర్ సైట్‌లో ఒకే అకౌంట్, అదీ మీ పేరున. సెర్చ్‌లో కనపడకుండా, కామెంట్లు మీరు చూశాకే బయటికొచ్చేలా సెట్టింగులుంటాయి. ఇక్కడ నాన్నగారు చెప్పినట్టు పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు. తెప్ప జట్టు, వల జట్టు అని రాసుకోనివ్వండి.

మీ సీనియర్‌కి కూడా చెప్పండి, బ్లాగ్ ఊరంతా చదవక్కర్లేదు. పక్క సెక్షన్ చదివి రెండు ప్రశ్నలు కామెంట్‌లో పెడితే చాలు.

భీమిలి_ట్రైనీ

అందరికీ చాలా థాంక్స్! హెచ్ఎం గారిని అడిగాను. లైబ్రరీ గదిలో, చివరి పీరియడ్‌లో, క్లాస్ టీచర్ ఎదుట చేసుకోమన్నారు. తల్లిదండ్రులకి తెలుగులో ఒక పేజీ లెటర్ రాస్తున్నాను, అందులో "నెట్‌లో పెట్టవద్దు, క్లాసులో వినిపించండి" అని కూడా ఒక గడి పెట్టాను. ముందు ఆడియో, దాన్నుంచి బ్లాగ్, అలా ఫిక్సయ్యాను. వేట నిషేధం గురించి చెప్పగానే ఒక పిల్లాడు వాళ్ళ తాతని తీసుకొస్తానని అప్పుడే మాటిచ్చేశాడు.

ఒక్కటే టెన్షన్. మార్కులెలా వేయాలి? గొంతు బాగున్నవాళ్ళకే ఎక్కువ పడిపోతాయేమో.

గాజువాక_సోషల్_మాస్టారు

గొంతుకి సున్నా మార్కులు పెట్టండి, ఆ మాట ముందే క్లాసులో చెప్పండి. ప్రాజెక్టు పనిగా తీసుకుని, ప్రశ్నల కాగితానికి సగం, విన్నది రాసినదానికి సగం వేయండి. కొట్టేసిన ప్రశ్నలున్న చిత్తు కాగితం కూడా జత చేయమనండి. మైక్ ముందు నోరు విప్పని పిల్ల కూడా అందులో తేలుతుంది.

తాతగారిని మాత్రం చివరి పీరియడ్‌కే రమ్మనే ముందు ఆయన వీలు కనుక్కోండి. తెల్లవారుజామున వేటకెళ్ళే మనిషైతే మధ్యాహ్నం పూట నిద్రపోతుంటారు.