నర్సుకు ఇంతమందే రోగులు అని చట్టం ఉండాలా?

లెక్కలబాబు:
ఒక నర్సు చేతిలో ఇంతమంది రోగులే ఉండాలి, దాటితే ఆసుపత్రికి జరిమానా వేయాలి అన్న వాదన మళ్లీ మొదలైంది. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద ఉన్న నర్సులు 2.98 కోట్లు. ఇంకా 58 లక్షల మంది కావాలి. లేని మనుషుల్ని చట్టం ఎక్కడి నుంచి తెస్తుంది? ఆసుపత్రివాళ్లు సగం వార్డుకు తాళం వేసి కూర్చుంటారు. బయట మిగిలిపోయిన రోగికి అసలు నర్సే ఉండదు. ముందు కాలేజీల్లో సీట్లు పెంచండి, చట్టాలు తర్వాత రాసుకుందాం.

రాత్రిడ్యూటీ:
బాబు గారూ, సీట్లు మాత్రమే పెంచితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. చదువుకుని, లైసెన్సు తెచ్చుకుని కూడా వార్డు వదిలేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే బోలెడుమంది. జీతం సంగతి సరే. వాళ్లు ఎక్కువగా చెప్పేది మాత్రం, "పని సరిగ్గా చేయనివ్వరు, ఏదైనా జరిగితే మన మీదికే వస్తుంది" అని.

సరిగ్గా చేయలేకపోవడం అంటే ఏమిటో చెప్తాను. నాడి, ఆక్సిజన్ మిషన్ చూపిస్తుంది. మామూలు వార్డులో శ్వాస మాత్రం మనమే లెక్కపెట్టాలి. మంచం పక్కన నిలబడి, ఛాతీ చూస్తూ, నిండా ఒక నిమిషం. రోగి పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందు మారేది అదే. బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పన్నెండు మంది రోగులుంటే ఒక్క శ్వాసకే పన్నెండు నిమిషాలు. ఈలోపు ఒకరి సెలైన్ అయిపోతుంది, ఇంకొకరి యాంటీబయాటిక్ టైమ్ దాటుతుంది, కదల్లేని పెద్దాయనను ఒత్తిగిలించాలి. అందుకే ఎన్నో చార్టుల్లో నిమిషానికి శ్వాస పొద్దున 18, మధ్యాహ్నం 18, రాత్రి 18 అని ఉంటుంది. అందరూ ఒకేలా ఊపిరి తీస్తారా?

నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి 2002లో చెప్పింది ఇదే: నర్సుకు ఒక్క రోగి పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది.

లెక్కలబాబు:
సిస్టర్, ఆ 7 శాతం నేనూ చదివాను. నర్సులు ఎక్కువున్న ఆసుపత్రిలో డాక్టర్లు, పరికరాలు కూడా మెరుగ్గానే ఉంటాయి కదా. ఆ తేడాను లెక్కల్లో ఎంత సర్దినా అనుమానం పూర్తిగా పోదు.

గళ్లచొక్కా:
ఆ అనుమానానికి ఆస్ట్రేలియాలో కొంత జవాబు దొరికింది. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ నిష్పత్తి పెట్టింది. ముందూ తర్వాతా పోల్చి, పెట్టనివాటితోనూ పోల్చి చూశారు. పెట్టినచోట మరణాలు తగ్గాయి, తిరిగి అడ్మిట్ కావడం పెరగలేదు, మంచం మీద ఉండే రోజులూ తగ్గాయి. అదనపు నర్సులకు అయిన ఖర్చుకు రెట్టింపు పైనే మిగిలిందని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియాలోనూ 1999లో చట్టం చేసి 2004లో అమలు మొదలుపెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది.

సరిహద్దు:
అందరూ డబ్బున్న చోట్ల గురించే మాట్లాడుతున్నారు. ప్రపంచ జనాభాలో 49 శాతం ఉన్న దేశాల్లోనే 78 శాతం నర్సులున్నారు. ధనిక దేశాల నర్సుల్లో 23 శాతం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లే. అక్కడ చట్టం తెచ్చి పోస్టులు పెంచితే, ఆ పోస్టులు ఎవరితో నింపుతారు? ఫిలిప్పీన్స్, ఘనా, జింబాబ్వే ఖర్చు పెట్టి చదివించిన పిల్లలతోనే. వేరే దేశాల ఆరోగ్య సిబ్బందిని పనిలోకి తీసుకోవడం మీద 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి ఉందంటారు. అది పాటించినవాడికే నియమం, పాటించకపోతే అడిగేవాడు లేడు.

రాత్రిడ్యూటీ:
నర్సు వెళ్లొద్దని మాత్రం అనకండి. ఇంజినీరు వెళ్తే ఎవరూ ఇలా అడగరు.

సరిహద్దు:
వెళ్లేవాళ్లను అనడం లేదమ్మా, తీసుకెళ్లేవాళ్లను అంటున్నాను. చదువు ఖర్చు ఆ దేశాలకు కట్టమనండి. అప్పుడు మీ చట్టానికి నాదీ ఓటే.

లెక్కలబాబు:
కడతారా ఎవరైనా? సరే, నా బెట్టు కొంత సడలిస్తాను. ఐసీయూ, ఆపరేషన్ వార్డులతో మొదలుపెట్టి, మిగతాచోట్లకు గడువిస్తూ పోతే నాకు అభ్యంతరం లేదు. మామూలు వార్డుల్లో క్వీన్స్‌లాండ్‌లా పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు.

రాత్రిడ్యూటీ:
రాత్రయితే రోగం నిద్రపోతుందా బాబు గారూ? ఆ ఏడు దగ్గరే నా గొడవంతా.