నాయన పేకాట: తప్పు మాత్రదా, మనిషిదా?

తోతాపురి (దామలచెరువు):
మా నాయనకు 68 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. మందు మార్చి ప్రమిపెక్సోల్ మాత్రలు మొదలుపెట్టిన ఏడాదికి, జాతరలో కూడా పేకముక్క ముట్టని మనిషి రాత్రంతా సెల్‌ఫోనులో రమ్మీ ఆడసాగాడు. రెండు కాపుల మామిడి సొమ్ము పోయింది, చివరకు అమ్మ గాజులు కుదువకు వెళ్లాయని తెలిసింది. ఇలా జరగవచ్చని మందు రాసిన చోట ఎవరూ ముందుగా చెప్పలేదు. తిరుపతిలో మరొక వైద్యుడికి చూపించినప్పుడు, ఆయన నాడి పట్టుకోకముందే "ఈ మధ్య జూదం గానీ, అక్కరలేని వస్తువులు కొనడం గానీ మొదలైందా?" అని అడిగారు. మోతాదు తగ్గించిన మూడు నెలలకు ఆ యావ చాలావరకు పోయింది. ఇది రోగం పని అనీ, ఆయన్ను నిలదీయడం జ్వరంలో పలవరించినందుకు కోప్పడటం లాంటిదనీ నేనంటాను. మా అన్న ఒప్పుకోడు. "మాత్ర పేక కలపలేదు, ఆడింది ఆయన చెయ్యే. అమ్మకు క్షమాపణ చెప్పి, మిగిలిన మూడెకరాలు ఆమె పేర రాయాలి" అంటాడు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

కపిలతీర్థం (విశ్రాంత శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి):
ముందుగా లోపల జరిగినదేమిటో చెప్పుకొంటే వాదన గాలిలో సాగదు. మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, మెదడు కణాల మధ్య కబురు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం ఈ వ్యాధికి మూలం. ఆ డోపమైన్ అందక మొదట దెబ్బతినేది మెదడు లోపలి స్ట్రయేటం అనే చోటి పైభాగం, అంటే కదలికలను నడిపే భాగం. కింది భాగం, అంటే లాభం మీద ఆశను, దాని వెంట పరుగును నడిపే భాగం, తొలి ఏళ్లలో చాలావరకు బాగానే ఉంటుంది. ప్రమిపెక్సోల్ డోపమైన్‌కు బదులుగా పనిచేసే మందు. చేతి వణుకుకూ బిగుసుకుపోయిన నడకకూ సరిపోయేటంత ఇచ్చినప్పుడు, ఎండిన మడికి విడిచిన నీరు పక్కనున్న తడిమడిని ముంచినట్లు, లోటు లేని ఆ రెండో భాగం అతిగా ఉత్తేజితమవుతుంది. పైగా ప్రమిపెక్సోల్ ఎక్కువ మక్కువతో అతుక్కొనే డీ3 గ్రాహకాలు, అంటే కణాల మీద డోపమైన్‌ను అందుకొనే ఒక రకం గూళ్లు, ఆ భాగంలోనే అధికం. గెలుస్తానన్న ఆశ మిగులుతుంది, ఓడినప్పుడు వెనక్కి లాగవలసిన పాఠం మాత్రం సరిగా అంటదు. 2010లో అమెరికా, కెనడాలకు చెందిన 3,090 మంది రోగులపై ప్రచురితమైన పరిశీలనలో, ఈ తరగతి మందులు వాడేవారిలో 17.1 శాతం మందికి జూదం, అతి కొనుగోళ్లు, అతి తిండి, అతి కామం వంటి అదుపు తప్పిన ప్రవర్తనల్లో ఏదో ఒకటి కనిపించింది. వాడనివారిలో అది 6.9 శాతమే. కాబట్టి మీ నాయనగారిది గుణలోపం అనడం నాకు అన్యాయంగా తోస్తున్నది.

ఒక్క మాట: ఇది చదివి ఎవరూ మాత్రలు తమంతట తాము ఆపకూడదు. ఉన్నట్టుండి మానితే వేరే చిక్కులు వస్తాయి.

పులిచెర్ల:
అధ్యాపకులు చెప్పిన అంకెలే నా వైపు కూడా మాట్లాడుతున్నాయి. ఆ మందు వాడినవారిలో నూటికి ఎనభైమందికి పైగా అదుపు తప్పలేదు కదా. ఇంకొకటి. ఈయన 40 ఏళ్లు తోట కాచి, పిల్లల్ని చదివించి, బాటసారులకు చలివేంద్రం పెట్టి ఉంటే, అది కూడా డోపమైన్ చలవే అని ఎవరైనా అంటారా? మంచి చేస్తే మనిషి, చెడు చేస్తే మెదడు అని పంచుకోవడం నాకు మింగుడు పడటం లేదు.

చిత్తూరు కోర్టు వీధి (న్యాయవాది):
ఇక్కడ నేరం ప్రశ్న లేకపోయినా, చట్టం గీత ఎక్కడ గీస్తుందో చూడటం ఉపయోగం. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను అడిగేది, మతిస్థిమితం లేక, తాను చేస్తున్న పని స్వభావం గానీ, అది తప్పన్నది గానీ తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అని. తెలిసీ ఆపుకోలేకపోవడానికి అందులో చోటు లేదు. మెదడు శాస్త్రం చూపుతున్నదేమో సరిగ్గా ఆ చోటునే: తెలివి నిలిచి ఉండగా పగ్గం మాత్రం తెగడం. అది చట్టంలో ఉన్న లోటని నా అభిప్రాయం. అయితే గాజుల సంగతి వేరు. అవి తల్లిగారి స్త్రీధనం. తప్పు ఎవరిదో తేలకపోయినా, విడిపించి ఆమెకు చేర్చవలసి ఉందన్నదానిలో వాదన లేదు. మీ అన్నగారు ఈ రెంటినీ ఒకే మూటగా కట్టారు.

ఘాట్‌రోడ్డు (డ్రైవరు, తిరుమల):
నేను 19 ఏళ్లుగా కొండమీదికి బండి నడుపుతున్నాను. మలుపుల్లో చక్రం ఎప్పుడు తిప్పానో నాకే తెలియదు, చేతులు వాటంతట అవే తిప్పుతాయి. ప్రమాదం జరిగితే పోలీసులు చేతులను కాదు, నన్ను అడుగుతారు. మెదడు మనిషిని నడుపుతుందన్నది సగమే నిజమని నేను చదివాను. లండన్ ట్యాక్సీ డ్రైవర్లు ఏళ్లతరబడి వేల వీధులు గుర్తుపెట్టుకోగా, మెదడులో జ్ఞాపకానికి పనికివచ్చే హిప్పోక్యాంపస్ వెనుకభాగం పెరిగినట్లు 2000లో చూపారు. ఒకే దారిలో తిరిగే బస్సు డ్రైవర్లలో అలా లేదని 2006లో చెప్పారు. (ఆ లెక్కన నాకు పెరిగింది ఏమీ ఉండదు, ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి!) మనం చేసే పనే మెదడును మలుస్తున్నప్పుడు, మొదటి వంద రూపాయలు పెట్టిన రోజున ఆయన ఆగి ఉండాల్సింది.

కపిలతీర్థం:
డ్రైవరుగారు సరైన చోటనే వేలు పెట్టారు, కానీ శిక్షణతో వచ్చిన అలవాటూ మాత్రతో వచ్చిన ఆకలీ ఒకటి కావు. మొదటి వంద రూపాయల నాటికే ఆ ఆకలి ఉంది. వాహనం నడిపిన మనిషి కథ నేనొకటి చెబుతాను. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో ఉన్న ఫినియస్ గేజ్ తలలోంచి మూడున్నర అడుగుల ఇనుపకడ్డీ దూసుకుపోయింది. మెదడు ముందుభాగం చెడిన తరువాత అతడు "ఇక గేజ్ కాదు" అని తెలిసినవారు అనుకొన్నట్లు వైద్యుడు హార్లో 1868లో రాశాడు. పాఠాలన్నీ అక్కడితో ఆగిపోతాయి, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఆ గేజ్ తరువాత చిలీ దేశంలో ఏళ్లపాటు గుర్రపు బండి తోలాడు. రోజూ ఒకే వేళకు లేవడం, గుర్రాలు కట్టడం, ప్రయాణికులను చూసుకోవడం అన్న కట్టుబాటే అతణ్ణి చాలావరకు నిలబెట్టిందని కొందరు పరిశోధకులు భావిస్తున్నారు. లోపలి పగ్గం తెగినవాడికి బయటి పగ్గం పనికివస్తుంది. దాన్ని ఎవరు పట్టుకోవాలన్నదే మీ ఇంటి ప్రశ్న అనుకొంటాను.

పులిచెర్ల:
పట్టుకోనిస్తేనే కదా. పాస్‌బుక్కు దాచినవాడికి తప్పని తెలియదా?

తోతాపురి:
దాచాడు, నిజమే. తవుడు డబ్బాలో దొరికింది. ఆ ఒక్క విషయంలో అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంకొకటి కూడా జరిగింది. మోతాదు తగ్గాక నాయనకు నడక మళ్లీ బిగుసుకుపోయింది, అన్నం కలుపుకోవడం కష్టమైంది. కొంచెం పెంచుదామా అని వైద్యుడు అడిగితే, నాయనే వద్దన్నాడు. ఫోను అమ్మకిచ్చాడు. బ్యాంకు ఖాతాను ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు వచ్చేలా మార్పించమని మమ్మల్ని అడిగింది కూడా ఆయనే. న్యాయవాదిగారు చెప్పినట్లు గాజులు నేనూ అన్నా కలిసి వచ్చే నెల విడిపిస్తున్నాం. పొలం రాత గురించి అన్న ఇంకా పట్టుబట్టే ఉన్నాడు. క్షమాపణ మాట మాత్రం ఈ వారం ఎత్తలేదు.