గ్లైఫోసేట్ తట్టుకునే సోయా ట్రయల్: మొక్కలు ఎందుకు చస్తున్నాయి?

ప్రశ్న:
గ్లైఫోసేట్ అనే కలుపుమందును తట్టుకునే జన్యుమార్పిడి సోయా లైన్‌తో (వంగడంతో) క్షేత్ర పరీక్ష నడుస్తోంది. మందు కొట్టిన మడుల్లో ఇక్కడొకటి, అక్కడొకటి మొక్కలు చచ్చాయి, పక్క మొక్కకేమో ఏమీ కాలేదు. కొన్నింటి లేత ఆకులు పసుపెక్కాయి. అయినా మందు కొట్టని మడుల కంటే పంట బాగుంది (వాటిలో కలుపు తీయలేదు). లైన్ తట్టుకుంటోందని రాయొచ్చా?

జవాబు 1:
అప్పుడే రాయకండి. మందు కొట్టని మడిని దెబ్బతీసింది కలుపు. మందు పంటకు చేసిన నష్టమేదైనా ఉంటే అది ఆ తేడా చాటున కనబడకుండా పోతుంది. అన్ని మడుల్లోనూ కలుపు చేత్తో తీయించి, అదే లైన్‌ను మందు లేకుండా, సిఫార్సు మోతాదుతో, రెట్టింపు మోతాదుతో పోల్చండి. పిచికారీ పట్టీలు ఒకదానిమీద ఒకటి పడ్డచోట పంటకు అందేది రెట్టింపే కదా. జన్యుమార్పిడి చేయని మాతృరకాన్ని కూడా మందు లేకుండా పెట్టండి. జన్యువు చేర్చడం వల్లే దిగుబడి తగ్గిందేమో దాంతోనే తేలుతుంది. 4 రెప్లికేషన్లు (ఒక్కో రకం మడి నాలుగేసి చోట్ల) వేసి, నష్టాన్ని పిచికారీ తర్వాత 7, 14, 28వ రోజుల్లో శాతాల్లో రాసుకోండి. ఆకు పచ్చగా ఉంటే చాలదు. గ్లైఫోసేట్ తట్టుకునే తొలితరం పత్తిలో నాలుగాకుల దశ దాటాక పైనుంచి కొడితే పుప్పొడి దెబ్బతిని కాయలు రాలిపోయేవి.

జవాబు 2:
చావు ఒంటరి మొక్కల్లో ఉంటే ముందు విత్తనాన్ని అనుమానించండి. జన్యువు ఒకే చోట చేరిన లైన్ ఇంకా స్థిరపడకపోతే, స్వపరాగ సంపర్కం తర్వాత నాలుగింట ఒక మొక్కకు ఆ జన్యువు ఉండదు. పిచికారీకి ముందే ఆకు ముక్కను నూరి స్ట్రిప్ టెస్ట్ (ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఉందో లేదో చూపే పట్టీ పరీక్ష) చేసి, జన్యువు లేని మొక్కలకు గుర్తు కట్టండి. చావు సాలు పొడవునా ఉంటే మాత్రం నాజిల్ చూడండి.
పసుపు రెండు వారాల్లో పోతే కంగారు అక్కర్లేదు. ఆకులు గిన్నెల్లా ముడుచుకుంటే ట్యాంకులో డైకాంబా (మరో కలుపుమందు) మిగిలి ఉండొచ్చు.

జవాబు 3:
నీళ్లు కూడా చూసుకోండి. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో గ్లైఫోసేట్ బలం తగ్గుతుంది. బురదనీళ్లలోనూ అంతే, మట్టి రేణువులు మందును పట్టేసుకుంటాయి. అప్పుడు లైన్ గట్టిదని పొరబడతారు. అమ్మోనియం సల్ఫేట్ ముందు కలిపి, తర్వాత మందు పోయండి. మందు సరిగా పడిందో లేదో తెలియాలంటే మడి చివర మాతృరకం ఒక సాలు వేయండి. అది చావకపోతే ఆ మడి లెక్క చెల్లదు.
100 చదరపు మీటర్లకు ఉత్త నీళ్లు కొట్టి కొలవండి: 2 లీటర్లు పడితే హెక్టారుకు 200. తక్కువ మోతాదు మడులు ముందు, రెట్టింపువి తర్వాత కొట్టండి.
కోతలో రాలిన గింజలు తర్వాతి పంటలో మొలుస్తాయి, వాటిని ఇదే మందు చంపలేదు. పూతకు ముందే పీకించండి.