డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ తెరుచుకోవట్లేదు, లాగ్‌లో ఈవెంట్ 33

ప్రశ్న: పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త సిస్టమ్‌లో వేశాం. విండోస్ 10, 64 బిట్. ఐకాన్ నొక్కగానే ‘సైడ్ బై సైడ్ కాన్ఫిగరేషన్ ఇన్‌కరెక్ట్’ అంటోంది. విండోస్ తనలో జరిగిన తప్పులను రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద సోర్స్ సైడ్‌బైసైడ్, ఐడీ 33. మైక్రోసాఫ్ట్ వీసీ90 సీఆర్‌టీ, ఎక్స్86, వెర్షన్ 9.0.21022.8 దొరకలేదట. విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015-2022 వేసినా అదే తంతు.

జవాబు: మందు పేరు ఆ లాగ్‌లోనే ఉందండీ. వీసీ90 అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ 2008, వీసీ80 అయితే 2005. ఇవి ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 2008 సర్వీస్ ప్యాక్ 1 రీడిస్ట్రిబ్యూటబుల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ఫైళ్ల ప్యాకేజీ) దించుకోండి, ఎక్స్86ది, అంటే 32 బిట్‌ది. విండోస్ 64 బిట్ అయినా ప్రోగ్రామ్ 32 బిట్‌ది కాబట్టి అదే కావాలి. ఇన్‌స్టాల్ అయ్యాక వెర్షన్ 9.0.30729 అని కనిపిస్తుంది, కంగారు పడకండి. 21022 అడిగినవాటిని విండోసే దానికి మళ్లిస్తుంది.

మరొకరు: ఎక్కడెక్కడి సైట్ల నుంచో ఒక్క డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైల్) తెచ్చి సిస్టమ్32లో పడేయకండి. ఈ రకం ప్రోగ్రామ్ వెతికేది విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌లో, లేదంటే తన సొంత ఫోల్డర్‌లో. పైగా వైరస్ బెడద. ఇంకోటి, లాగ్‌లో దొరకలేదన్న పేరులో ‘డీబగ్‌సీఆర్‌టీ’ అని ఉంటే ఏ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసినా ఫలితం ఉండదు. డెవలపర్ డీబగ్ బిల్డ్ (తను పరీక్షించుకునే వెర్షన్) పంపేశారన్నమాట, రిలీజ్ బిల్డ్ (వాడేవాళ్లకిచ్చే వెర్షన్) అడగాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: 2008 వేశాక 33 పోయింది, థాంక్సండీ. కానీ లోగో కనిపించి మూసుకుపోతోంది. ఇప్పుడు సోర్స్ అప్లికేషన్ ఎర్రర్, ఐడీ 1000, ఎక్సెప్షన్ కోడ్ చివర సీ0000005, ఫాల్టింగ్ మాడ్యూల్ ఎన్‌టీడీఎల్ఎల్.

జవాబు: ఇది వేరే జబ్బు. ఆ కోడ్‌కు అర్థం ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుందని. ఎన్‌టీడీఎల్ఎల్ అనే విండోస్ సొంత ఫైల్ పేరు చూసి విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టకండి, తప్పు చేసినవాడు వేరు, పట్టుబడ్డ చోటు వేరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు తెరుచుకునేటప్పుడే డిఫాల్ట్ ప్రింటర్‌ను పలకరిస్తాయి. ముందు సెట్టింగ్స్‌లో ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ టిక్ తీసేసి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ను డిఫాల్ట్ చేసి తెరవండి. తెరుచుకుంటే అనుమానం ప్రింటర్ డ్రైవర్ మీద, దాన్ని తీసి కొత్తది వేయండి. అప్పటికీ మూసుకుపోతే ఆ ఈవెంట్ 1000లో జనరల్ ట్యాబ్ మొత్తం కాపీ చేసి ఇక్కడ పెట్టండి, అదే నిమిషంలో డాట్‌నెట్ రన్‌టైమ్ అనే సోర్స్ పేరుతో ఐడీ 1026 ఈవెంట్ ఉంటే అది కూడా.